ఘోషా ఇంట్లో హత్య జరిగితే

1921. బొంబాయి. పర్వీన్ మిస్త్రీ ఆక్స్‌ఫర్డులో లా చదివొచ్చి తండ్రి ఆఫీసులో సొలిసిటరుగా పనిచేస్తుంటుంది. దస్తావేజులు రాయొచ్చు, కక్షిదారులతో మాట్లాడొచ్చు, కోర్టులో నిలబడి వాదించడానికి మాత్రం వీల్లేదు. సుజాతా మాసీ 2018లో రాసిన 'ద విడోస్ ఆఫ్ మలబార్ హిల్' నవలకి నాయిక ఈ అమ్మాయే. మిల్లు యజమాని ఒమర్ ఫరీద్ చనిపోయాక అతని ముగ్గురు భార్యలు రజియా, సకీనా, ముంతాజ్ ఘోషాలో ఉండిపోతారు. తమకి రావలసిన మెహర్‌ని ముగ్గురూ వక్ఫ్‌కి వదులుకుంటున్నట్టు ఒక ఉత్తరం వస్తుంది. కింద సంతకాలున్నాయి. ఆ సంతకాల దగ్గరే పర్వీన్‌కి అనుమానం పుడుతుంది. తర్వాత ఆ ఇంట్లో పెత్తనం చేస్తున్న ఫైసల్ ముక్రీ హత్యకి గురవుతాడు. చంపిందెవరో నేను చెప్పను, చదవబోయేవాళ్ళు తిట్టుకుంటారు.

అపరాధ పరిశోధన నవలలో అమ్మాయిని పెట్టడం ఇప్పుడు ఫ్యాషనే. చాలావాటిలో ఆమె మగ డిటెక్టివ్‌కి చీర కట్టినట్టే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. పోలీసు, డాక్టరు, జడ్జి ఎవరైనా ఆ ఇంట్లో జాలీకి ఇవతలే ఆగిపోవాలి. పర్వీన్ అవతలికి వెళ్ళగలదు. ఆమె తెలివికన్నా ముందు ఆమె ఆడది కావడమే అర్హత. ఏ ఆంక్ష వల్ల కోర్టు తలుపు మూసుకుందో, అదే ఆంక్ష జెనానా తలుపు తెరుస్తుంది.

ఈ కల్పనకి చరిత్రలో ఆధారం ఉంది. ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రం చదివిన మొదటి మహిళ కొర్నీలియా సొరాబ్జీ. 1892లో పరీక్ష పాసైతే డిగ్రీ చేతికొచ్చింది 1922లో. కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కింద ఉన్న ఎస్టేట్లలో ఘోషా స్త్రీల తరఫున మాట్లాడే ఉద్యోగం 1904లో బెంగాల్ ప్రభుత్వం ఆమెకిచ్చింది. మనదేశంలో ఆడవాళ్ళు లాయర్లు కావచ్చని చట్టం వచ్చింది 1923లో. అయితే సొరాబ్జీ బ్రిటిష్ పాలనని సమర్థించింది, కాథరిన్ మేయో 'మదర్ ఇండియా'ని వెనకేసుకొచ్చింది. మాసీ ఈ చిక్కుని తప్పించుకుని పర్వీన్‌ని మనకి నచ్చేలా, గాంధీ పట్ల అభిమానమున్న అమ్మాయిగా తీర్చిదిద్దింది. నిజమైన సొరాబ్జీనే నాయికగా పెట్టుంటే నవల ఇంకా ఇబ్బందికరంగా, ఇంకా గొప్పగా ఉండేదేమో.

పాశ్చాత్య గోథిక్ కథల్లో పాత బంగళా, మూసిన గది, ఆ గదిలో దాచిన భార్య. దాచిన ఆడదే అక్కడ రహస్యం. మన దగ్గర ఆడవాళ్ళని లోపల ఉంచడం ఎవరికీ రహస్యం కాదు, అది పరువు. కాబట్టి రహస్యం ఇంకెక్కడో ఉండాలి. మాసీ దాన్ని కాగితాల్లో పెట్టింది. వీలునామా, లెక్కల పుస్తకం, మెహర్ పత్రం. ఈ నవలలో నన్ను ఎక్కువ భయపెట్టింది శవం కాదు, ఆ ఉత్తరం.

నిజానికి గోథిక్ అనదగ్గ భాగం ముక్రీ హత్య దగ్గర లేదు. అది 1916 కథలో ఉంది. పర్వీన్ ప్రేమించి సైరస్ సోడావాలాని పెళ్ళాడి కలకత్తా కాపురానికి వెళుతుంది. నెలసరి వస్తే ఆ అత్తగారింట్లో ఇరుకు గదిలోకి పంపేస్తారు. మనం 'బయట ఉండటం' అంటాం, అక్కడ అది లోపల ఉండటం. చదువుకున్న, డబ్బున్న, సంస్కరణకి పేరున్న పార్సీ ఇల్లది. దయ్యాల్లేవు, కొవ్వొత్తుల్లేవు. అత్తగారు పద్ధతి ప్రకారం తలుపేస్తుందంతే. ఆ తర్వాత భర్త మోసమూ, హింసా. 1865 నాటి పార్సీ వివాహ చట్టం ప్రకారం అతను వేశ్యల దగ్గరికి వెళ్ళడం విడాకులకి కారణం కాదు. ఆమెకి దక్కింది వేరుగా ఉండే హక్కు మాత్రమే, ఇంకో పెళ్ళికి వీల్లేదు. అంటే జెనానాలోకి వెళ్ళే ఈ లాయరు తనూ ఒక కాగితంలో బందీయే. రెండు కథల్నీ రచయిత్రి పక్కపక్కన నడిపింది తప్ప పోలిక నోటితో చెప్పలేదు. అందుకు సంతోషం.

2019లో వచ్చిన రెండో నవల 'ద సతాపూర్ మూన్‌స్టోన్' పైకి అచ్చమైన గోథిక్. సహ్యాద్రి కొండలు, వాన, పల్లకి ప్రయాణం, పాత రాజభవనం, వరసగా చావులు. బాల మహారాజు చదువు గురించి తల్లికీ నాయనమ్మకీ తగవు. అలంకారం పెరిగేకొద్దీ భయం తగ్గింది. ఏజెంటు కోలిన్‌తో సున్నితమైన స్నేహం మరీ అమెరికన్ పాఠకుల కోసం అనిపించింది.

రాజమండ్రిలో కూర్చుని ఇవి చదువుతుంటే 'రాజశేఖర చరిత్రము' గుర్తురాకుండా ఉండదు. వీరేశలింగం 1878లో 'వివేకవర్ధని'లో మొదలుపెట్టారు. ధవళేశ్వరం, పెద్దాపురం, అడవి, దొంగలు, బంగారం చేస్తానన్న బైరాగి. గోథిక్ సరుకంతా ఉంది. పెద్దకూతురు రుక్మిణి భర్త పోయాడన్న అబద్ధపు కబురుతో విధవ అవుతుంది. అడవిలో చచ్చిందనుకుని వదిలేస్తే మగవేషంలో బతికి వస్తుంది. చూడండి, డిటెక్టివ్‌కి కావలసినవన్నీ ఆ అమ్మాయికి ఉన్నాయి. కానీ చిక్కుముళ్ళు విప్పి న్యాయం చేసే పని రామరాజుకి దక్కింది, అతను మారువేషంలో ఉన్న పెద్దాపురం ప్రభువు. రాజు మారువేషం వేస్తే విచారణ, అమ్మాయి వేస్తే ప్రాణం కాపాడుకోవడం. మూడేళ్ళకి, 1881 డిసెంబరు 11న, అదే రచయిత ఈ ఊళ్ళో మొదటి వితంతు వివాహం చేయించారు. గౌరమ్మ అనే నిజమైన అమ్మాయికి జరిగింది, రుక్మిణికి కథలో జరగలేదు. కథలో భర్త బతికి రావలసి వచ్చింది.

మాసీ నవలల మీద నా ప్రధానమైన ఫిర్యాదు కూడా ఇలాంటిదే. రజియా, సకీనా, ముంతాజ్ ఒకే ఇంట్లో ఉన్నారు. ఎవరు ఎప్పుడు ఏ తలుపు తీశారో వాళ్ళకి తెలియకుండా ఉంటుందా? ఆ జ్ఞానం ఆక్స్‌ఫర్డు లాయరమ్మ అడిగాకే సాక్ష్యం అవుతోంది. ఇక వంటింటివాళ్ళు, గేటు దగ్గరివాళ్ళు అనుమానితులవుతారే తప్ప ఆలోచించే మనుషులుగా కనిపించరు.

అయినా ఆ ఉత్తరం నన్ను వదల్లేదు. మా కోనసీమ ఇళ్ళలో దానికి హక్కు విడుదల దస్తావేజు అని పేరు. ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో హక్కునిచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది, దేశమంతటికీ 2005లో. ఆ తర్వాత నాకు తెలిసిన ఎన్ని ఇళ్ళలో అక్కచెల్లెళ్ళు పండగకి పుట్టింటికొచ్చి, పనిలో పనిగా రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళి సంతకాలు పెట్టొచ్చారో! సారె ముందే కొనిపెట్టి ఉంటుంది. 'నువ్వేమైనా పరాయిదానివా అమ్మా, ఊరికే ఒక సంతకం' అంటాడు అన్నయ్య. అక్కడ సంతకం దొంగది కాదు, వేలిముద్ర కూడా అసలైనదే. పర్వీన్ లాంటి అమ్మాయి భూతద్దం పెట్టి చూసినా ఏ తేడా కనిపించదు. ఆ దస్తావేజు మీద ఒక మిస్టరీ నవల రావాలంటే మొదటి పేజీలో శవానికి బదులు ఏం పెట్టాలో నాకింకా తోచలేదు.