కృష్ణా రామా అనుకునే వయసు ఎవరిది?

వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 10వ సెక్షన్ సమ్మతి లేకుండా పిల్లలు పుట్టకుండా చేసే వైద్యం కూడదంటుంది. 1994లో పూణె సాసూన్ ఆసుపత్రిలో మానసిక వైకల్యం ఉన్న ఆడవాళ్లకు గర్భసంచులు తీసేసిన దేశంలో ఇది చిన్న మాట కాదు. 25వ సెక్షన్‌లో ‘లైంగిక ఆరోగ్యం’ అనే మాట కూడా ఉంది. కానీ దాని పక్కనే ‘పునరుత్పత్తి’ వచ్చి కూచుంది. కనే వయసు దాటిన వికలాంగుల సంగతేమిటని మేము అడుగుతున్నాం.

వయోవృద్ధుల చట్టం 2007కి పోషణంటే తిండి, బట్ట, ఇల్లు, వైద్యం. ఆలుమగలు ఒక్కచోట ఉండటం ఆ లెక్కలో లేదు. మన ఊళ్లల్లో కొడుకులు తల్లిదండ్రుల్ని వంతులేసుకుంటారు. పక్షవాతమొచ్చిన తండ్రి పెద్దోడింట్లో, తల్లి చిన్నోడింట్లో. ఇద్దరికీ అన్నం దొరుకుతోంది కాబట్టి చట్టానికి ఫిర్యాదే లేదు.

‘కృష్ణా రామా అనుకునే వయసు’ అనే మాటలో వానప్రస్థం దాగుంది. ఆశ్రమధర్మాలు ద్విజ పురుషుడి కోసం రాసుకున్నవి. మాలమాదిగలకు అరవై దాటినా కూలి తప్పదు. కూలికి అడ్డురాని వయసు కోరికకు మాత్రం ఎట్లా అడ్డొచ్చింది? 2015లో ప్రధానమంత్రి సూచించిన ‘దివ్యాంగులు’ అనే పేరూ ఇటువంటిదే. దివ్యత్వం అంటగట్టినాక ఇక ఒంటి ఊసెత్తే పనిలేదు.

మన కులాల్లో మారుమనువు ఉందని సంబరపడితే సరిపోదు. కాలుపోయిన ముసలాయనకు వండిపెట్టేందుకని ఒకామెను వెతుకుతారు. కాలుపోయిన ముసలామెకు ఎవరు వెతుకుతున్నారు? ఇది మన వాడల్లోని మగపెత్తనమే. బ్రాహ్మణీయమని పేరుపెట్టి తప్పుకోలేం.

ఇక ఆసుపత్రి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిదికి దగ్గర. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే మార్పులు ముందే మీదపడతాయి. ఎముకలు గుల్లబారతాయి, యోని పొడిబారి కలయిక నరకమవుతుంది. ఆ పొడితనానికి పూతమందులున్నాయి. నొప్పి ఉందా అని అడిగే నాథుడే లేడు. షుగరుతో అంగస్తంభన తగ్గిన మగవాడు సిగ్గుతో గోడల మీది ప్రకటనల్ని నమ్ముకుంటాడు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు 30 నుండి 65 ఏళ్ల స్త్రీలందరినీ పరీక్షించాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. కాళ్లు రానామె ఆ ఎత్తైన బల్ల ఎట్లా ఎక్కాలి? తుంటి వంగనామెను పక్కకు పడుకోబెట్టి కూడా పరీక్షించవచ్చు. దానికి యంత్రం అక్కర్లేదు, ఓపిక చాలు.

సుఖం గురించే కాదు మేము మాట్లాడేది. ‘వద్దు’ అనే హక్కు గురించి కూడా. ఎవరి చేత్తో నీళ్లు పోయించుకుంటున్నదో వాళ్లతోనే బాధ ఉంటే ఆమె ఎవరికి చెప్పుకోవాలి? సదరం క్యాంపులో చేతికీ కాలికీ శాతం కడతారు. ఆసుపత్రిలో డాక్టరు కొడుకునే అడుగుతాడు, జవాబు కొడుకే చెబుతాడు. వెంటొచ్చినవాళ్లను కాసేపు బయట కూచోబెట్టి ఆమెనే అడగడానికి ఏ జీవో కావాలి?