మొన లేని చాకు

పాతకాలపు బ్రిటిష్ నావికుడి చాకును చూడగానే మనకు తట్టే లోపం దానికి మొన లేకపోవడం. అలుగు మొద్దు వైపు చివర్లో వంగి వచ్చి పదును వైపును కలుస్తుంది. పదును వైపు మాత్రం స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంటుంది. నావికులు తాగి పొడుచుకోకుండా కెప్టెన్లే మొనలు విరగ్గొట్టించేవారని సేకర్తల మధ్య ఓ కథ తిరుగుతుంటుంది. రంజైన కథే. కానీ ఆ చాకుతో బొటనవేలంత లావు మనీలా తాడును కోసి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. తాడును చెక్క మీద పెట్టి, దాని మీద అలుగు ఆనించి, మొద్దు వైపున కొయ్య సుత్తితో కొట్టాలి. తిన్నని పదును తాడు అడ్డంగా అంతటా ఒకేసారి దిగుతుంది. వంపు అలుగైతే ఏదో ఒక పక్కన నాలుగు పోగులు మిగులుస్తుంది. ఇక ఊగే కొయ్య స్తంభం మీద పనిచేసేవాడికి మొన ఎందుకు ప్రమాదమో చెప్పనక్కర్లేదు. అద్దాల బీరువాలో ఉన్న చాకు ఇవేవీ చెప్పదు. అందుకే నావికుల పనిముట్లను సేకరించేవాళ్ళు వాటిని వాడటం కూడా నేర్చుకోవాలని నా వాదన.

మార్లిన్‌స్పైక్ సంగతి చూడండి. కొసకు సన్నబడే ఉక్కు కడ్డీ. పదును లేదు, ఉండకూడదు కూడా, ఎందుకంటే అది తాడు పేటలను తెంపకుండా విడదీయాలి. మూడు పేటల తాడు కొసను విప్పి, వెనక్కి మడిచి, స్పైక్‌తో అసలు తాడు పేటను లేపి, ఆ సందులోంచి విప్పిన పేటను పురికి ఎదురుగా దూర్చాలి: ఒకదాని మీదుగా, తర్వాతిదాని కిందుగా. స్పైక్ బయటికి తీయగానే సందు మూసుకుపోతుంది, కాబట్టి తీయడం, దూర్చడం దాదాపు ఒకే కదలికలో జరగాలి. నార తాడుకు ఇలా కనీసం మూడు వరసలు, జారిపోయే నైలాన్‌కు ఐదు. ఇదే స్ప్లైస్. ముడి వేస్తే తాడు బలంలో సగం దాకా పోవచ్చు. మంచి స్ప్లైస్‌లో పోయేది మహా అయితే పదో వంతు. 1944లో వెలువడిన క్లిఫర్డ్ ఆష్లీ ముళ్ళ గ్రంథంలో 3,800కు పైగా అంశాలకు వరస సంఖ్యలున్నాయి. అంత విద్యకూ కావలసిన సరంజామా మాత్రం దోసిట్లో పడుతుంది: చాకు, స్పైక్, లావు తాళ్ళకు వాడే కొయ్య ఫిడ్, తెరచాప కుట్టేటప్పుడు సూదిని నెట్టే తోలు అరచేతి తొడుగు.

వాడితే చారిత్రక వస్తువు పాడవుతుందని ఆక్షేపణ. కొంతవరకు నిజమే. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడలో దొరికిన పనిముట్లలో చాలావాటి ఇనుము తుప్పుపట్టి పోయి కొయ్య పిడులే మిగిలాయి. వాటి చోటు మ్యూజియమే. కానీ ప్రపంచ యుద్ధాల కాలంలో షెఫీల్డ్‌లో గుట్టలుగా తయారై, ప్రభుత్వ ఆస్తి అని బాణపు గుర్తు పడిన మడత చాకులు అలాంటివి కావు. వాటిని పాడుచేసేది వాడకం కంటే కొత్తగా మెరిపించాలన్న యావ. గ్రైండర్ మీద పెట్టి ముద్రలు అరగదీసినవాడు చేసిన నష్టం, తాడు కోసినవాడు పదేళ్ళలో కూడా చేయలేడు. పదునుకు నూనె రాయి చాలు.

సింథటిక్ తాళ్ళొచ్చాక ఈ విద్యకు కాలం చెల్లిందనే మాట అంతకన్నా బలహీనమైనది. కొసలు కాల్చి అతికించడం నైలాన్‌తో వచ్చిన సౌకర్యమే, కానీ బరువు మోయాల్సిన కంటిని, అంటే తాడు కొసన ఉండే వలయాన్ని, కాల్చి తయారుచేయలేం. విశాఖలోనో కాకినాడలోనో రేవుకు కట్టిన ఓడ తాడు కొసను గమనించండి, అక్కడ కనబడే కన్ను స్ప్లైసే.

సేకరణ మొదలుపెట్టదలచినవారికి ఒక్క మాట. తిమింగలం ఎముకతో, దంతంతో చేసిన పాత ఫిడ్‌లు ఎంత అందంగా ఉన్నా చట్టం తెలుసుకోకుండా కొనవద్దు. వాటి అంతర్జాతీయ వ్యాపారంపై కఠినమైన ఆంక్షలున్నాయి. ముందు రెండు బారల మూడు పేటల తాడు, ఒక మామూలు స్పైక్ కొనండి. కన్ను వేయడం చేతికొచ్చాక పాత చాకుల బేరానికి వెళ్ళండి.