తెలుఁగు శాస్త్రగ్రంథములు: సంజ్ఞయు లక్షణమును

తెలుఁగునందు కావ్యవిమర్శము పెంపొందినంతగా శాస్త్రగ్రంథవిమర్శము పెంపొందలేదు. పద్యమున యతి తప్పినచో నిలఁదీయు పండితుఁడు అర్థశాస్త్రగ్రంథమున లక్షణము తప్పినచో నూరకుండును. శాస్త్రము తన పని కాదని వైయాకరణుఁడును, భాష తన పని కాదని శాస్త్రజ్ఞుఁడును తలఁచుటచే నట్టి గ్రంథములు విమర్శకుని కంటఁ బడకయే విద్యార్థి చేతికిఁ బోవుచున్నవి. కావ్యమున నొక పదము చెడినచో రసమునకు హాని. శాస్త్రమున నొక పదము చెడినచో విషయమే తాఱుమాఱగును. కాఁబట్టి అర్థశాస్త్రము, విద్యాశాస్త్రము, ఇంజనీరింగు, అధ్యాత్మము అను నాలుగు విషయములందలి తెలుఁగుగ్రంథముల పరిభాషను ఒక్కచోఁ బెట్టి పరిశీలించుట యావశ్యకము.

తెలుఁగునకు శాస్త్రరచన క్రొత్తది కాదు. మహావీరాచార్యుని సంస్కృతగణితమును పావులూరి మల్లన సారసంగ్రహగణితమను పేరఁ దెనిఁగించెను. 1858లో పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడెను. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదున స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుఁగువచనమునకు అలవఱచెను. కట్టమంచి రామలింగారెడ్డి భారత అర్థశాస్త్రమును రచించెను. 1968లో తెలుఁగు అకాడమి యేర్పడి కళాశాలలకుఁ బాఠ్యగ్రంథములను, పారిభాషికపదకోశములను సమకూర్చెను. 2021లో ఇంజనీరింగు విద్యను తెలుఁగు మొదలగు భారతీయభాషలలో నేర్పుటకు అఖిలభారత సాంకేతికవిద్యామండలి యనుమతించెను. గ్రంథములు లేవను కొఱత కొంత తీఱినది. ఉన్న గ్రంథములు చదివినచో నర్థమగునా యను ప్రశ్న మిగిలినది.

అర్థము కాకుండుటకు సంస్కృతసమాసములే కారణమని యొక పక్షము. ఆంగ్లపదములు చొచ్చుటయే కారణమని వేఱొక పక్షము. ఈ రెండు పక్షములును పదము ఏ భాషదని యడుగుచున్నవే కాని, పదమునకు గ్రంథకర్త లక్షణము చెప్పెనా యని యడుగుట లేదు. న్యాయభాష్యకారుఁడగు వాత్స్యాయనుఁడు శాస్త్రప్రవృత్తి మూఁడు విధములని నిర్ణయించెను: వస్తువును పేరుతో నిర్దేశించుట ఉద్దేశము, దానిని ఇతరములనుండి వేఱుపఱచు ధర్మమును చెప్పుట లక్షణము, ఆ లక్షణము తగినదా కాదా యని విచారించుట పరీక్ష. నేఁటి తెలుఁగు శాస్త్రగ్రంథములు పెక్కు ఉద్దేశముకడనే యాగిపోవుచున్నవి. ఆంగ్లపదమునకు సమమైన యొక పదమును నిలిపినంతనే పని ముగిసినదని భావించుటయే వాని మూలదోషము.

ఒక్క శబ్దము పలు శాస్త్రములఁ బలు సంజ్ఞలగుట దోషము కాదు. ఒక యింట తాత తర్కసంగ్రహము చదువుచుండును. పెద్దమనుమఁడు భౌతికశాస్త్రము, చిన్నమనుమఁడు అర్థశాస్త్రము చదువుచుందురు. మువ్వురి పుస్తకములందును ద్రవ్యశబ్దము కలదు. తాతకు ద్రవ్యములు తొమ్మిది. అందు ఆత్మయు, మనస్సును గూడ చేరియున్నవి. పెద్దవానికి ద్రవ్యరాశి యనఁగా వస్తువునందలి పదార్థపరిమాణము. చిన్నవానికి ద్రవ్యము రూపాయి. అట్లే వికృతిశబ్దము. వ్యాకరణపాఠమున వికృతి యనఁగా తద్భవము. సాంఖ్యమున ప్రకృతినుండి పుట్టిన తత్త్వము. ఇంజనీరింగున బలముచే వస్తువునందుఁ గలిగిన మార్పునకును దాని తొలి పరిమాణమునకును గల నిష్పత్తి. పాణినీయమున గుణశబ్దమునకు అకార ఏకార ఓకారములు సంజ్ఞులు. తర్కమున రూపరసాదులు గుణములు. సాంఖ్యమున సత్త్వరజస్తమస్సులు గుణములు. ఇన్ని శతాబ్దములుగా ఈ మూఁడు శాస్త్రములను ఒక్క గురువునొద్దనే చదివిన శిష్యునకు భ్రమ కలుగలేదు. ఏలయనఁగా ప్రతిశాస్త్రమును తన సంజ్ఞను తాను మొదటనే విధించుకొనినది. చిన్నయసూరి బాలవ్యాకరణమును సంజ్ఞాపరిచ్ఛేదముతోఁ బ్రారంభించుటలోని యౌచిత్యమిదియే. ద్రుతమెట్టిదో, కళలెట్టివో చెప్పిన పిమ్మటనే యాతఁడు సంధికార్యమునకుఁ గడఁగెను.

లక్షణము లోపించినచోఁ గలుగు హానిని ఇంజనీరింగునందలి ప్రతిబలశబ్దము చక్కఁగాఁ జూపును. శబ్దమును విన్న విద్యార్థి దానిని ఎదురుబలమని గ్రహించును. అవయవార్థము అంతవఱకే చెప్పును. ఇఁక పరీక్షింపవలెను. ఒకే బరువును సన్ననితీఁగెకును, లావుకడ్డీకిని వ్రేలాడఁదీసిరనుకొందము. వాని సొంతబరువును విడిచినచో రెంటియందును ఎదురుబలము సమానమే. కాని తీఁగె తెగును, కడ్డీ తెగదు. ఎదురుబలమే ప్రతిబలమైనచో ఈ భేదమునకుఁ గారణము దొరకదు. అడ్డుకోఁతయందలి ప్రమాణవైశాల్యమునకు ఎంత యెదురుబలము వచ్చునో యది ప్రతిబలమని లక్షణము చెప్పినచో సందేహము తొలఁగును. వైశాల్యము తక్కువైన తీఁగెయందు ప్రతిబలము హెచ్చు. అట్లే 1 మీటరు పొడవుగల కడ్డీ లాగఁగా 1 మిల్లీమీటరు సాగినచో వికృతి 0.001 అని యొక్క యుదాహరణము చూపినచో, వికృతికి మానము లేదనుటయు దానంతటదియే తెలియును. ఇట్టి రెండు వాక్యములకుఁ జోటులేని గ్రంథమునకు తెలుఁగు పదము పెట్టినను ఒకటే, ఆంగ్లపదము పెట్టినను ఒకటే.

లక్షణము చెప్పినను సంజ్ఞయందలి ప్రత్యయము దానికి విరోధముగా నుండరాదు. అర్థశాస్త్రపాఠ్యగ్రంథములందుఁ బ్రసిద్ధమైన క్షీణోపాంత ప్రయోజనసూత్రము దీనికి నిదర్శనము. దప్పిగొన్నవానికి మొదటి ముంత నీటివలనఁ గలుగు తృప్తిని 10 అని యెంచినచో, రెండవదానివలన 8, మూఁడవదానివలన 5, నాలుగవదానివలన 1 కలుగునని సూత్రతాత్పర్యము. మొత్తపు తృప్తి 10, 18, 23, 24 అగుచుఁ బెరుఁగుచునే యున్నది. తుదిముంత చేర్చు తృప్తి మాత్రము తగ్గుచున్నది. తగ్గుట యను వ్యాపారము జరుగుచుండుటయే యిందలి ప్రాణము. కాని క్షి ధాతువుమీఁద నిష్ఠాప్రత్యయము రాఁగా నేర్పడిన క్షీణశబ్దము తగ్గుట ముగిసినదని చెప్పును. క్షీణచంద్రుఁడన్నప్పుడు కళలు పోయిన చంద్రుఁడే తోఁచును. అందుచే విద్యార్థి, ప్రయోజనము నశించినదనియో, మొత్తమే తగ్గిపోయినదనియో వ్రాయుచున్నచో దోషము వానియందు లేదు. ఆదికర్మార్థమున క్తప్రత్యయము చెల్లును గదా, తగ్గుట ప్రారంభమైనదని యర్థము చెప్పరాదా యని యొకరాక్షేపింపవచ్చును. ఆ సమాధానము పండితసభకుఁ జాలును. పదునాఱేండ్ల బాలునకుఁ జాలదు. శానచ్ప్రత్యయముతో క్షీయమాణ మనుట వ్యాకరణమునకు సరిపోవును గాని నోటికి బరువు. తగ్గుచుండు తుదిప్రయోజనము అని తెలుఁగుననే చెప్పినచో వ్యాపారమును తెలియును, పలుకుటయు సులభము. ఇచ్చట తెలుఁగుమాట మెఱుఁగగుటకుఁ గారణము అది తెలుఁగగుట కాదు. అర్థమును సరిగాఁ జెప్పుట.

అర్థశాస్త్రమను పేరునే యొకసారి విచారింపవచ్చును. 1909లో మైసూరునుండి శామశాస్త్రి ప్రకటించిన కౌటిలీయమున అర్థశాస్త్రమనఁగా రాజ్యమును సంపాదించి పాలించు శాస్త్రము. కృషిపాశుపాల్యవాణిజ్యములకు అందు వార్త యను వేఱుపేరు గలదు. నేఁటి శాస్త్రమునకు వార్త యను పేరే తగియుండెడిదని వాదింపవచ్చును గాని, నేఁడు వార్త యన్నచో పత్రికావృత్తాంతమే తోఁచును. రూఢి యోగమును గెలిచినది. ఇట్టిచోట రూఢిని కదల్పరాదు. వడ్డి యను మాట సంస్కృత వృద్ధిశబ్దమునకు వికృతి. అయినను ఆర్థికవృద్ధిని వడ్డి యనువాఁడును, వడ్డిని వృద్ధి యనువాఁడును వ్యవహారమున లేఁడు. ప్రకృతివికృతులు రెండు వేఱుసంజ్ఞలై రెండు పనులు చేయుచున్నవి. భాష స్వయముగాఁ జేసికొనిన యీ యేర్పాటు పదకల్పకులకు ఆదర్శము.

విద్యాశాస్త్రమున మూల్యాంకనశబ్దము మఱియొక చిక్కు. మూలశబ్దముమీఁద యత్ప్రత్యయము రాఁగా నేర్పడిన మూల్యము లోకమున వెల. అంకనము గుర్తువేయుట. సమాసార్థము వెలకట్టి గుర్తించుట యగును. ఉపాధ్యాయశిక్షణగ్రంథములు మాపనమును, మూల్యాంకనమును వేఱుచేయును: విద్యార్థికి 100కు 35 వచ్చెననుట మాపనము, ఆ 35 చూచి వాఁడేమి నేర్చెను, ఏమి నేర్వలేదు, వానికి మరల నేమి బోధింపవలెనని నిర్ణయించుట మూల్యాంకనము. భేదము గ్రంథమునఁ గలదు; కాని యుదాహరణము లేకపోవుటచే అంకనశబ్దమువలన అంకెలే బడికిఁ జేరినవి. అంకెలు వేసినంతనే మూల్యాంకనము ముగిసినదను భ్రమచే నష్టపోవువాఁడు తప్పిన బాలుఁడు. ఒక్క బాలుని యుత్తరపత్రమును గ్రంథమునఁ బెట్టి, అందలి తప్పులనుండి ఉపాధ్యాయుఁడు ఏమి గ్రహింపవలెనో చూపినచో లక్షణము నిలుచును.

లోకమున సిద్ధమై యున్న సంజ్ఞను విడిచి క్రొత్తది కల్పించుట వేఱొక దోషము. నీటిపారుదలయందు తెలుఁగువారికి పరిభాష కొఱత లేదు. చెఱువు, కట్ట, తూము, ఆయకట్టు అనునవి సర్వసాధారణములు. చెఱువు నిండి హెచ్చైన నీరు పొరలిపోవు కట్టడమును అలుగు అందురు; తెలంగాణమున మత్తడి యనియు, నెల్లూరు చిత్తూరు ప్రాంతములఁ గలుజు అనియు, అనంతపురమున మరువ యనియుఁ బేర్లు. డెల్టాలందు లాకు ఆంగ్లపదమయ్యును తెలుఁగైపోయినది. ఇట్టిచోట అధికజలనిర్గమద్వారమని యెవరేని కల్పించినచో రైతునకును తెలియదు, ఇంజనీరునకును తెలియదు. గ్రంథకర్త అలుగును సంజ్ఞగా గ్రహించి, తక్కిన ప్రాంతీయనామములను దానిప్రక్కఁ జూపి, తూమునకును అలుగునకును భేదము చెప్పినచోఁ జాలును: తూము కావలసిన నీటిని పొలమునకు విడుచును, అలుగు వలదన్న నీటిని కట్టకుఁ బ్రమాదము రాకుండఁ బంపివేయును.

ఈ విషయమున ప్రాచీనులు చూపిన మార్గము కడపజిల్లా పోరుమామిళ్ల శాసనమునఁ గలదు. బుక్కరాయల కుమారుఁడగు భాస్కరభవదూరుఁడు అనంతరాజసాగరమను చెఱువును కట్టించి 1369లో వేయించిన యీ సంస్కృతశాసనము, మంచిచెఱువునకు పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను లెక్కించును. జలశాస్త్రమెఱిఁగినవాఁడు, గట్టినేల, మూఁడు యోజనముల దూరమునుండి వచ్చు తియ్యనినీటి నది, అతిదీర్ఘము గాని దృఢమైన ఱాతికట్ట, లోఁతును విశాలమునైన గర్భము, చేరువనే ఱాతిగని మొదలగునవి సాధనములు. కట్టనుండి నీరూఱుట, చౌడునేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, నడుమ మిట్ట యుండుట, నీరు తక్కువై భూమి హెచ్చగుట, భూమి తక్కువై నీరు హెచ్చగుట దోషములు. 1000 మంది పనివారు, 100 బండ్లు, 2 సంవత్సరములు పట్టినవని లెక్కయుఁ జెప్పఁబడినది. ఉద్దేశము, లక్షణము, దోషపరీక్ష, ఉదాహరణము అన్నియు నొక్క శాసనమున నిమిడినవి. ఉదాహరణము ఎదుటనున్న చెఱువే. శాస్త్రగ్రంథమునకు ఇంతకంటె మేలైన యాకృతి యరుదు.

అధ్యాత్మగ్రంథములు ఈ క్రమమును చిరకాలము కాపాడినవి. మూలము, ప్రతిపదార్థము, తాత్పర్యము అను పద్ధతితో వావిళ్లవారు మొదలగు ప్రకాశకులు ముద్రించిన గ్రంథములను సంస్కృతము రాని గృహస్థులును చదివి గ్రహించిరి. విషయము సూక్ష్మతమమయ్యును పదము పదమునకు బాధ్యత వహింపఁబడుటచే నిది సాధ్యమైనది. అన్నంభట్టు తర్కసంగ్రహమును బాలబోధకై రచించి, దానికిఁ దానే దీపికను వ్రాసి, తన లక్షణములను అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవములనుండి తానే కాచుకొనెను. నూతనాధ్యాత్మగ్రంథములు కొన్ని యీ సంప్రదాయమును విడిచి, శక్తి, తరంగము, స్పందనము మొదలగు పదములను భౌతికశాస్త్రమునుండి తెచ్చికొని, అచ్చటి లక్షణమును అచ్చటనే విడిచివచ్చుచున్నవి. భౌతికశాస్త్రమున శక్తికి కొలత కలదు. ధ్యానమున శక్తి యని చెప్పఁబడునది యట్లు కొలవఁబడదు. రెంటిని ఒకే పేరఁ గలిపినచో శాస్త్రమునకు గౌరవము రాదు, అధ్యాత్మమునకు ప్రామాణ్యము రాదు. ఇంజనీరింగు గ్రంథమున లక్షణలోపము దోషమైనచో నిచ్చటను దోషమే.

కావున పదకోశములు ఎంత పెరిఁగినను శాస్త్రగ్రంథము వానివలన సిద్ధింపదు. కోశము సంజ్ఞల నిచ్చును. లక్షణమును, పరీక్షను గ్రంథకర్తయే యీయవలెను. ఇంజనీరింగు గ్రంథములు తెలుఁగున వెలువడుటకుఁ బ్రారంభమైన యీ కాలమున, ఆదిలోఁ బడిన దోషము తరతరములు పాఠమై నిలుచును. క్షీణశబ్దము అట్లే నిలిచినది. ప్రతిగ్రంథమునకును మొదట నొక సంజ్ఞాపరిచ్ఛేదమును జేర్చి, శాస్త్రజ్ఞుఁడు లక్షణమును, వైయాకరణుఁడు ప్రత్యయమును సరిచూచి, తుదకు బడిపంతులు దానిని ఒక్క బాలునికిఁ జెప్పి, వాఁడు తన మాటలలో మరల నప్పగింపఁగలిగిన పిమ్మటనే ముద్రణమునకుఁ బంపుట మేలు. ఆ బాలుని మాటయే కడపటి పరీక్ష.