మేకు గాయంలో పసుపు వెలుగు

ఓ టేకు ముక్కా! అయిదంగుళాల పొడవు, ముప్పావు అంగుళం మందం, అంతే నువ్వు. కానీ నీ పుట్టిల్లు అమ్మమ్మగారింటి ద్వారబంధం. పండగ పండక్కీ మామిడి తోరణం కట్టిన మేకు నీ ఒంట్లోనే దిగింది. దాని తుప్పు నలుపు నీ చేవ దాకా ఇంకింది.

నిన్ను పెన్నుగా మలచాలని లోపల ఇత్తడి గొట్టం దూర్చి లేత్ ఎక్కించాను. రాజమండ్రి రత్నం పెన్నులు చేసే గట్టి రబ్బరు, ఎబొనైట్‌కి నార లేదు. ఉలి ఎటు నడిపితే అటు నున్నగా ఒదుగుతుంది. నీకు నార ఉంది, నారతో పాటు పంతమూ ఉంది. ఇంకో మిల్లీమీటరు చెక్కితే పెన్నువయ్యేదానివి. సరిగ్గా మేకు రంధ్రం దగ్గర పెళుక్కున పేడు లేచిపోయావు. లోపలి ఇత్తడి గొట్టం బయటపడింది. లేత్ ఆపి చాలాసేపు నీకేసే చూస్తూ కూర్చున్నాను.

రంపప్పొట్టు, జిగురు కలిపి మెత్తొచ్చు. అది నీ గాయాన్ని లేదనడం. అందుకే నీకు తేట రెజిన్‌ని తెచ్చాను.

ఓ తేట రెజినూ! నువ్వు దేన్నీ దాచవు. అందుకే నీ ముందు జిగురు మరకకైనా చోటు లేదు. బయటపడ్డ ఇత్తడి మీద పసుపు రంగు పూశాను, ద్వారబంధానికి అమ్మమ్మ రాసిన పసుపు. చెక్క రంధ్రాలు పల్చటి సూపర్ గ్లూతో మూసి, గొట్టం మూతులకు మైనం పెట్టి, ముక్కని అచ్చులో పడుకోబెట్టాను. హార్డెనర్ తూచి, నెమ్మదిగా కలిపి, సన్నధారగా పోశాను. ప్రెషర్ కుండలో చదరపు అంగుళానికి 40 పౌండ్ల ఒత్తిడి. బుడగ ఎక్కడికీ పోదు, కంటికి ఆననంత చిన్నదై నీలోనే ఉండిపోతుంది.

మూడు రోజులాగి మళ్లీ లేత్ ఎక్కించాను. ఉలి కింద గోధుమరంగు పొట్టు, దాని వెంటే పొడవాటి తెల్లని రిబ్బన్లు. ఉలి దిగాక నువ్వు తేటగా లేవు. విరిగిన పాలమీది నీళ్లలా మసక. నీళ్లలో తడిపిన ఉప్పు కాగితం, ముందు గరుకుది, తర్వాత మెత్తనిది, ఆ పైన 12000 నంబరు మెత్త దాకా. రుద్దుతుంటే ఒక్కసారిగా మసక వీడింది. చెక్క అంచున పేడు లేచిన పళ్లన్నీ విడివిడిగా కనిపించాయి. తుప్పు చార, దాని అడుగున పసుపు.

విరిగిన చెక్కని పొయ్యిలో పెట్టే ముందు, అయ్యా, అమ్మా, ఒక్కసారి ఎండకి పట్టి చూడండి.