పారేసిన అంకెలో దొరికిన ఇనుము

ఎమ్మారై స్కానర్ బొమ్మలోని ప్రతి చుక్కకీ రెండు అంకెలు ఇస్తుంది. ఒకటి సిగ్నల్ బలం. డాక్టరు ఫిల్మును వెలుతురుకి పట్టి చూసే నలుపు తెలుపు బొమ్మ అదే. రెండోది ఫేజ్, గడియారం ముల్లులా తిరిగే సిగ్నల్ ఎక్కడ ఆగిందన్న లెక్క. చాలాకాలం ఈ రెండోదాన్ని పారేసేవాళ్లు. పార్కిన్సన్స్ రోగి మెదడులో ఇనుము ఎంత పేరుకుందో ఇవాళ చెబుతున్నది ఆ పారేసిన అంకే.

పద్ధతి పేరు క్వాంటిటేటివ్ ససెప్టిబిలిటీ మ్యాపింగ్, పొట్టిగా క్యూఎస్‌ఎం. ఇనుమున్న చోట అయస్కాంత క్షేత్రం పిసరంత చెదిరి, ముల్లు కాస్త జరుగుతుంది. పనితనమంతా ఆ తర్వాతే. ముల్లు ఎన్ని చుట్లు తిరిగిందో గడియారం చెప్పదు, ముందు అవి తేల్చాలి. ముక్కు పక్కనున్న గాలి గదులు ఇనుముకన్నా పెద్ద రొద పెడతాయి, దాన్ని తీసెయ్యాలి. ఇక అసలు చిక్కు. ఇనుము ప్రభావం అది ఉన్నచోటే ఆగదు, చుట్టూ పాకుతుంది. వీధిలో నిలబడి ఏ ఇంట్లో పోపు పెట్టారో, ఎంత ఇంగువ వేశారో చెప్పమన్నట్టే. పైగా ఈ లెక్కలో 54.7 డిగ్రీల కోణం దగ్గర సున్నాతో భాగించాల్సి వస్తుంది. బడిలోనే వద్దని చెప్పిన పని! మొండిగా చేస్తే బొమ్మ నిండా చారలు.

2009లో వచ్చిన కాస్మోస్ పద్ధతి తలను వేర్వేరు కోణాల్లో తిప్పించి స్కాను తీసింది. ఒక భంగిమలో పోయింది ఇంకోదాంట్లో దొరుకుతుంది. ముచ్చటైన ఉపాయమే. కానీ మెడ బిగుసుకుపోయిన పెద్దాయన్ని ఇటు తిరగండి, అటు తిరగండి అని ఎలా అడుగుతాం? మెడీ అనే పద్ధతికి ఒక్క స్కాను చాలు. మామూలు బొమ్మలో అంచులున్న చోటే ఇనుముకీ అంచులుంటాయని నమ్మి లోటు పూడుస్తుంది. రెండో అంకె వదిలిన ఖాళీకి మొదటి అంకె సాక్ష్యం. నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇదే.

పార్కిన్సన్స్‌లో ఇనుము పేరుకునే చోటు, నడిమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా, ఈ బొమ్మలో తెల్లగా మెరుస్తుంది. ఇనుము తెలుపు, కాల్షియం నలుపు. మామూలు స్కానులో రెండూ నల్లగానే కలిసిపోయేవి. 1958లో హాల్‌గ్రెన్, సోరాండర్ ఇనుము కొలిచింది చనిపోయినవారి మెదళ్లలో. ఇప్పుడు మనిషి పడుకుని లేచి ఇంటికి వెళ్లిపోతాడు.

కొలత వేరు, వైద్యం వేరు. 2022లో వెలువడిన ఫెయిర్‌పార్క్-2 అనే మందు పరీక్షలో 372 మంది పార్కిన్సన్స్ రోగులు పాల్గొన్నారు. సగంమందికి ఇనుమును తోడేసే డెఫెరిప్రోన్ 36 వారాలు ఇచ్చారు. వాళ్ల మెదడులో ఇనుము తగ్గిందని ఎమ్మారై చూపించింది. జబ్బు లక్షణాలు మాత్రం ఆ మందు తీసుకోనివారికన్నా వాళ్లలోనే ఎక్కువ ముదిరాయి.