తూము మూసే పనితనం

గోదావరి డెల్టాలో కాలువ తూములు కాసే లస్కరు పని దగ్గరగా చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. వంతు కాని నీళ్లు దిగువకు జారిపోతున్నాయని కబురొస్తే, రాత్రి తలుపెత్తిందెవరో ఆరా తీస్తూ అతను కూర్చోడు. సైకిలెక్కి, నీళ్లకంటే ముందు కింది తూము దగ్గరికి చేరతాడు. దొంగ సంగతి తెల్లవారాక చూసుకోవచ్చు.

సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఫోన్ చేసే 1930 నంబరు వెనకున్న ఏర్పాటును గమనించినప్పుడల్లా నాకు ఆ లస్కరే గుర్తొస్తాడు. కేంద్ర హోం శాఖ కింది భారత సైబర్ నేర సమన్వయ కేంద్రం 2021లో దీన్ని మొదలుపెట్టింది. అప్పటి నంబరు 155260. మరుసటి ఏడాది 1930 అయింది. చేతులు వణుకుతున్న మనిషికి ఆరంకెలకంటే నాలుగంకెలు మేలు.

రిటైరైన టీచరుగారొకరి ఖాతా నుంచి మూడు లక్షలు పోయాయనుకుందాం. ఆ సొమ్ము మొదట చేరేది దొంగ సొంత ఖాతాకు కాదు. కమీషన్‌కు ఆశపడి ఎవరో అద్దెకిచ్చిన ఖాతాకు. పోలీసులు మ్యూల్ ఖాతా అంటారు దాన్ని. అక్కడ నిమిషాల్లో నాలుగైదు పాయలై మరికొన్ని ఖాతాల్లోకి మళ్లి, చివరకు ఏటీఎం దగ్గరో క్రిప్టోలోనో ఇంకిపోతుంది. పాత పద్ధతిలో అయితే ఎస్సై బ్యాంకుకు లేఖ రాసి, జవాబు తెప్పించుకుని, ఆ జవాబులో ఇంకో బ్యాంకు పేరుంటే మళ్లీ లేఖ రాయాలి. అప్పటికి కాలువలో బురద కూడా మిగలదు.

1930కి ఫోన్ చేస్తే రాష్ట్ర పోలీసుల కంట్రోల్ రూములో ఎత్తుతారు. ఏ బ్యాంకు, ఏ ఖాతా, ఎంత, ఎప్పుడు, లావాదేవీ నంబరేమిటి అని అడుగుతారు. యూపీఐ అయితే ఆ నంబరు పన్నెండంకెలు. నాకు బాగా నచ్చింది ఈ ప్రశ్నల ఎంపికే. 'అంత చదువుకుని ఎలా నమ్మారండీ' అన్న మాటకు ఇందులో చోటు లేదు. ఇంట్లోవాళ్లు ఎలాగూ అడుగుతారు అది. పన్నెండంకెలు చేతికొస్తే చాలు, ఫిర్యాదు టికెట్‌గా మారి బ్యాంకు తెరమీదికి వెళుతుంది. సొమ్ము ఇంకా అక్కడే ఉంటే బ్యాంకు హోల్డ్‌లో పెడుతుంది. దాటిపోయి ఉంటే ఎటు పోయిందో నమోదు చేస్తుంది, టికెట్ ఆ తర్వాతి బ్యాంకుకు పరుగెడుతుంది. ఇలా పాయ పాయకీ. ఫోన్ చేసి మోసగించినవాడు కాంబోడియాలో కూర్చున్నా సరే, డబ్బు మన బ్యాంకుల గుండా పోక తప్పదు కదా. ఆ కిటుకు మీదే ఈ పనంతా నిలబడింది. మొదటి గంటను 'గోల్డెన్ అవర్' అని పోలీసులు ఊరికే అనరు.

ఫోన్‌తో పని అయిపోదు. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన నంబరుతో 24 గంటల్లోగా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పూర్తి వివరాలు నింపాలి. స్క్రీన్‌షాట్లు, చాటింగులు చెరిపేయకూడదు. సిగ్గుతో చాలామంది చేసే మొదటి పని అదే.

సెక్షన్ల సంగతికొస్తే, ఐటీ చట్టంలోని 66డి 2008 సవరణతో వచ్చింది. కంప్యూటర్ ద్వారా గానీ ఏ సమాచార సాధనం ద్వారా గానీ, మరొకరిగా నటించి మోసగించడం నేరమంటుంది. ఆ మాటల అల్లిక గట్టిది. పోలీసులమని నటిస్తూ ఫోన్‌లోనే బెదిరించి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్ట్' అన్న పేరు పుట్టకముందే రాసినా దానికీ సరిపోయింది. శిక్ష మాత్రం మూడేళ్ల దాకానే, పైగా బెయిలిచ్చే నేరం. అందుకే పోలీసులు భారతీయ న్యాయ సంహితలోని మోసం సెక్షన్ 318 కూడా జోడిస్తారు.

ఇంతకంటే నేను మెచ్చేది రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్‌లోని నేర్పు. మన ప్రమేయం లేకుండా ఖాతాలోంచి సొమ్ము పోతే, తప్పు ఖాతాదారుదేనని నిరూపించే భారం బ్యాంకు నెత్తిన పెట్టింది. బయటివాళ్లు గండి కొడితే, మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం సున్నా. ఓటీపీ మనమే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకు తెలిపేదాకా పోయింది మనదే. తెలిపాక పోయేది బ్యాంకుది. కనక 1930తో పాటు బ్యాంకుకూ చెప్పి ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోవాలి. ఆ నంబరు పక్కనుండే గంటా నిమిషాలే రేపటి వాదనకు ఆధారం.

లోపాలు లేకపోలేదు. మోసపు సొమ్ములోంచి ఎవడో టీ తాగి రెండొందలు స్కాన్ చేస్తే, టీ కొట్టాయన ఖాతా మొత్తం స్తంభించిన సందర్భాలున్నాయి. ఒక్క పాయకోసం ఊరి కాలువంతా కట్టేయడం మోటుపని. వివాదంలో ఉన్నంత మొత్తాన్నే ఆపాలని కేరళ హైకోర్టు 2023లో చెప్పాల్సి వచ్చింది.

ఇక ఆపిన సొమ్మును వెనక్కి మళ్లించడం. మామూలుగా దానికి కోర్టు ఉత్తర్వు కావాలి, కోర్టు చుట్టూ తిరిగే ఓపిక డబ్బు పోగొట్టుకున్నవాడికి ఉండదు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయసేవాధికార సంస్థతో కలిసి 2024లో ఈ దరఖాస్తులను లోక్ అదాలత్ ముందుకు తెచ్చింది. నిందితుడు దొరక్కముందే డబ్బు సొంతదారు ఖాతాకు చేరే దారి అలా పడింది. టీచరుగారి సొమ్ములో హోల్డ్‌లో చిక్కినంత మేరకే, మిగతాది కాదు. తలుపెత్తినవాడి కోసం వెతుకులాట వేరే ఫైల్లో సాగుతూనే ఉంటుంది.