దారి చెప్పు వచనము: కాశీయాత్ర చరిత్రయందలి మజిలీలు

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను మనము చరిత్రకు ఆధారముగా చదివినంత శ్రద్ధతో వచనముగా చదువలేదు. కుంపిణీ పరిపాలన, నవాబుల ఏలుబడి, ధరవరలు, ఆచారములు, పట్టణముల స్థితిగతులు, వీనికై పరిశోధకులు ఆ గ్రంథమును మాటిమాటికి తిరుగవేయుచుందురు. పట్టణమునకును పట్టణమునకును నడుమ నున్న మజిలీల వివరమును మాత్రము విసుగుతో దాటిపోవుదురు. అట్లు దాటివేయబడిన భాగమే ఆ గ్రంథమునకు వెన్నెముక యని నా అభిప్రాయము. దానిని తీసివేసినచో మిగులునది సమాచారమే కాని యాత్ర కాదు.

గ్రంథకర్త మద్రాసు సుప్రీముకోర్టులో ముఖ్యమైన దుబాసీ యుద్యోగము చేసినవాడు. 1830 మే 18వ తేదీన మద్రాసు విడిచి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశి చేరెను. గయ, కలకత్తా, పూరీలు చూచి, గంజామునుండి ఉత్తర సర్కారుల దారిన దిగివచ్చి 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. వెంట వచ్చినవారు ఇంచుమించు నూఱుగురు. దారిపొడవునను మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసి పంపిన వృత్తాంతమే ఈ గ్రంథము. వీరాస్వామయ్య 1836లో పరమపదించిన పిమ్మట, 1838లో ఆ మిత్రుని పూనికవలన ఇది అచ్చుపడినది. మన తరమువారికి అది అందుబాటులోనికి వచ్చుట 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు చేసిన పరిష్కరణము చలువ.

మిత్రునకు వ్రాసిన వృత్తాంత మనగా ఇంటనుండి చదువుకొనువానికి వ్రాసిన దన్నమాట. కాని మజిలీల పట్టున ఆ వచనము ఇంటనున్నవానితో మాటాడుట లేదు. రేపు అదే దారిని రాబోవువానితో మాటాడుచున్నది. ఊరికి ఊరు ఎంత దూరము, భాట ఇసుకయా రాయియా, నడుమ వాగు కలదా, దిగుటకు సత్రము గాని తోపు గాని యున్నదా, నీరు మంచిదా, అంగళ్లలో ఏమి దొరుకును – ఈ విషయములు ఇంచుమించు ఒకే వరుసలో వచ్చును. తనకు జరిగినది చెప్పునపుడు రచయిత భూతకాలమును వాడును. ఊరిని, బావిని, అంగడిని చెప్పునపుడు 'కలదు', 'దొరుకును' అనువంటి క్రియలలోనికి దిగును. ఒక పుటలోనే ఈ రెండు కాలములును ఒకదానిప్రక్క నొకటి నిలిచియుండును. మొదటిది అనుభవము, రెండవది అప్పగింత. ఇది చేతగాని వచనము కాదు. 'ముసాఫరు' అను పదము ఆయనకు ఇష్టమైనది; అది తనకును వర్తించును, తన తరువాత వచ్చువానికిని వర్తించును. తన ఆయాసమును, తన భక్తిని ప్రక్కకు నెట్టి, రాబోవువాని దాహమును ముందుగా తలచుట యీ వచనముయొక్క మర్యాద.

మన ప్రాచీన కావ్యములలో కొండనెక్కినవారు లేకపోలేదు. కాని దారి తెలిసినవారు అరుదు. మనుచరిత్రమందలి ప్రవరుని చూడుడు. సిద్ధు డిచ్చిన పాదలేపముతో హిమాలయము చేరెను. మంచునకు లేపము కరగినది. దారి చెప్పుమని వరూధిని నడుగవలసి వచ్చినది. ఆతడు నడచి వచ్చినవాడు కాడు కనుకనే ఆతనికి మరలుదారి తెలియదు. తుదకు ఇల్లు చేరుటయు అగ్నిదేవుని యనుగ్రహముననే కాని కాళ్లతో కాదు. పెద్దన ఆ ఘట్టమును శృంగారమునకును నిష్ఠకును జరిగిన పోరుగా నిర్వహించెను, మనమును అట్లే బోధించుచున్నాము. అది సరియే. అయినను నడువక చేరిన చోటినుండి మరలిరాలేమన్న సత్యము ఆ కథకు మూలమున నున్నది. తరగతిలో దానిని చెప్పినవారిని నే నెఱుగను.

పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమున పర్వతప్రకరణము వేఱొక రీతిది. శివరాత్రికి శ్రీశైలమునకు పోవు భక్తసమూహము, వారు పాడుకొను తుమ్మెదపదములు, పర్వతపదములు మొదలగునవి అందు గలవు. అక్కడ నడక నిజమైన నడకయే. కాని ఆ నడకకు దారి చెప్పువాడు అక్కఱలేదు, గుంపే దారి. మన సింహాచల గిరిప్రదక్షిణమును చూచినవారికి ఇది విశదము. ఆషాఢ పూర్ణిమకు ముందురేయి సుమారు 32 కిలోమీటర్లు కొండచుట్టు నడచు లక్షలాది జనులలో దారి యడుగువాడు కానరాడు. ముందువాని వీపును చూచుకొని నడచును. సోమనాథుని కావ్యము సమూహమునకు గానము, దారికి పటము కాదు.

ఈ రెండింటికిని నడుమ నున్న చోటు ఒంటరి బాటసారిది. మహిమయు లేక, గుంపును లేక, దారిచూపరియు లేక, ముందు నడచినవాని మాటను నమ్ముకొని కొన్ని దినములు వరుసగా కొండలలో నడచువాడు వీడు. నేడు పడమటిదేశములందు ఇట్టి నడక పెద్ద వ్యాపకమైనది. మధ్యధరా సముద్రమున ఫ్రాన్సునకు చెందిన కోర్సికా యను ద్వీపము కలదు. అది ఇంచుమించు అంతయు కొండలే. మోంటే చింటో అను శిఖరము 2706 మీటర్ల యెత్తు. వాయవ్యమున కలెంజానా అను ఊరినుండి ఆగ్నేయమున కోంకా వఱకు, సుమారు 180 కిలోమీటర్లు, ద్వీపపు వెన్నుమీదుగా పోవు కాలిబాటను 1970 ప్రాంతమున ఏర్పఱచిరి. దానికి జీ.ఆర్. 20 అని పేరు. సాధారణముగా దానిని పదునైదు పదునాఱు మజిలీలుగా నడుతురు. రాళ్లపై, చెట్లపై ఎఱుపు తెలుపు పట్టెలు గుర్తులు. మజిలీకొక విడిది. చేతిపుస్తకములో ఎక్కు డెంత, దిగు డెంత, నీరెక్కడ అను వివరములు. ఆ పుస్తకముల నెవరును సాహిత్యమనరు. అయినను వీరాస్వామయ్య మజిలీపుటల నెఱిగినవానికి వాని వాక్యనిర్మాణము క్రొత్తగా తోపదు. బాటసారి అవసరములు ఏ ద్వీపమునందైనను ఒక్కటే గదా.

ఈ దృష్టితో నల్లమల భాగమును చదువవలెను. శ్రీశైలము ఆనాడు కందనూరు నవాబు ఏలుబడిలో నుండెను. ఆత్మకూరు వైపునుండి అడవిలోనికి ప్రవేశించి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను దాటి శ్రీశైలము చేరుట పురాతనమైన దారి. అహోబిల శ్రీశైలములకు మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి కీర్తి రెడ్డిరాజుల కాలమునుండి వినబడుచునే యున్నది. అనగా ఈ కొండలలో దారి వేయుట పుణ్యకార్యముగా నెన్నబడినది. వీరాస్వామయ్య దారి చెప్పుటను ఆ కోవకు చెందిన కార్యముగా భావించెనని నేననుకొందును; మెట్టు కట్టలేనివాడు మాట కట్టెను. నేడా అడవి పులుల సంరక్షణకేంద్రము, 1983నుండి దానికి ఆ ప్రతిపత్తి కలదు. ఏడాది పొడవునను ఇచ్చవచ్చినట్లు నడుచుటకు వీలు లేదు. శివరాత్రికిని ఉగాదికిని మాత్రము కాలినడకభక్తులు, అందును కన్నడదేశీయులు పెక్కుమంది, ఆ దారినే పోవుచుందురు. మజిలీల పేరులు వారి నోట ఇంకను నిలిచియున్నవి.

ఇక గ్రంథమున చిక్కైన విషయమొకటి కలదు. వీరాస్వామయ్య నడువలేదు. ఆయన సవారిలో నుండెను, నడచినవారు బోయీలు. దారి కఠినమని ఆయన వ్రాసినపుడు ఆ కఠినత్వము ఎవరి పాదములకు తగిలినది? దినమునకు ఎన్ని ఆమడలు సాగవచ్చునన్న లెక్క నిర్ణయించినది ఎవరి భుజబలము? ఒకానొకరు ఈ ప్రశ్నను రచయితపై అభియోగముగా తెత్తురు. నా కది పాఠనిర్ణయమునకు సంబంధించిన ప్రశ్న. పల్లకిలో కూర్చున్నవానికి ఇసుక తెలియదు, మోయువాని అడుగు తడబడుటవలన తెలియును. రాతినేలను, ఊబిని, ఎక్కుడును ఆ వచనము అంత నిశితముగా చెప్పగలిగినదనిన, అందు బోయీల జ్ఞానము ఉన్నదనియే అర్థము. వారి మాట వ్రాతకెక్కినది, వారి పేరులు ఎక్కలేదు. కాశీయాత్ర చరిత్రకు కర్త ఒక్కడే యని ముఖపత్రముపై నుండవచ్చును. మజిలీపుటలకు మాత్రము సహకర్త లున్నారు. మాచవరపు ఆదినారాయణగారి 'భ్రమణకాంక్ష' వంటి నేటి పాదయాత్రాగ్రంథమున నడచిన కాళ్లును వ్రాసిన చేయియు ఒకరివే. ఆ రెంటిని పోల్చువారు ఈ భేదమును విస్మరింపరాదు.

ఈ పరిశోధనకు మన ప్రాంతము మిక్కిలి అనువైనది. తిరుగుప్రయాణపు మజిలీలలో కొన్ని నేటి శ్రీకాకుళ విజయనగర మండలములలోనివి. 1893 – 96 సంవత్సరముల నడుమ ఈస్టుకోస్టు రైలుమార్గము వచ్చినది. గరివిడి, చీపురుపల్లి వంటి ఊళ్లు దాని స్టేషనులుగా పేరొందినవి. పాత రస్తామీది సత్రములు, తోపులు, దిగుడుబావులు ఊరి జ్ఞాపకములోనికి జారినవి. రైలులో పోవువానికి దూరము టిక్కెట్టుపై నుండును, కాళ్లలో నుండదు. అయినను ఈ ప్రక్క పల్లెలలో పొరుగూరికి దారి యడిగినచో పెద్దలు ఇప్పటికిని చెప్పు తీరు వేఱు: చెరువుగట్టు పట్టి, తాటితోపు దాటి, గెడ్డలో దిగి, అవతలిగట్టున గుడి కుడిచేతికి వచ్చునట్లు నడువుమందురు. దూరమును గడియారముతో కాక ప్రొద్దుతో చెప్పుదురు. మాట వరుస వీరాస్వామయ్యదే. ఆ వరుస ఆయనకు సంస్కృతకావ్యమునుండి వచ్చినది కాదు, కోర్టు కాగితములనుండియు వచ్చినది కాదు. దారిప్రక్క జనుల నోటినుండి వచ్చినది.

కావున పరిశోధనకు పూనుకొను విద్యార్థులు ముందుగా చేయదగిన పని యొకటి. ఇచ్ఛాపురము మొదలుకొని విశాఖపట్టణము వఱకు గ్రంథములోని మజిలీల పేరులను వరుసగా వ్రాసికొని, 1838 నాటి ముద్రణముతోను శివరావుగారి పరిష్కరణముతోను పేరుల రూపములను సరిచూచి, నేటి గ్రామనామములతో గుర్తింపవలెను. అటుపిమ్మట ఒక మజిలీనుండి వేఱొక మజిలీకి కాలినడకన పోయి, ఆయన చెప్పిన దూరమును, వాగును, నేల తీరును ఎదుట పెట్టుకొని చూడవలెను. ఎండలు ముదురకముందు, మాఘమాసమున ఇది సుకరము. ఊరిపేరు మాఱినచోట వాగు మాఱియుండదు. పాఠభేదము తెగనిచోట వాగును ప్రమాణముగా గైకొనవచ్చును.